రాట్నానికి సెలవు

“నాయినమ్మా, ఈ వీడియో సూడు. మెక్సికోల కంబళ్లు నేసెటోళ్లు. వాళ్లకు గూడ మేడే సెలవేనట. మన గొంగడోళ్లకు సెలవు ఎట్లొచ్చింది?”

ఏదీ, ఫోను జర దగ్గరికి వట్టు. ఆ... గొర్రెబొచ్చే కదనే! రంగులు మస్తున్నయ్. మనయి నల్లయే, గొర్రె ఎట్లుంటె గొంగడి గట్ల. అగో, ఆడామె రాట్నం తిప్పుతున్నది సూడు. ఆమె పేరు చెప్పిండ్రా అండ్ల? చెప్పరు తియ్యి.

సెలవంటవా. అప్పుడు మేము రావిర్యాలల ఉంటిమి. మీ తాత సంఘం షెడ్డుల గొంగళ్లు నేస్తుండె. మగ్గాలు ఏడు... గాదు గాదు, ఎనిమిది. నేసుడు మగోళ్లది, వడుకుడు ఆడోళ్లది. పది దినాలు వడికితె గని ఒక్క గొంగడికి దారం కాకపోయేది, నేసుడేమో రెండు మూడు దినాలే. నలభై రూపాయలకు గొంగడొస్తుండె, ఇప్పుడు చాయకు, సమోసలకే ఒడుస్తయ్. ఆడోళ్లు గన్ని దినాలు వడికినా పేరు మాత్రం నేసినోనిదే.

ఒక ఏడు ఎర్రజెండాయన వచ్చిండు. శికాగో అని ఏదో ఊరట, ఆడ కూలోళ్లు ఎనిమిది గంటలకెక్కువ చెయ్యం అని కొట్లాడితె పానాలే వోయినయట. అందుకే మే ఒకటిన పని బందు వెట్టాలె అన్నడు. షెడ్డోళ్లు సరే అన్నరు.

మీ తాత ఇంటికొచ్చి మీసం దువ్వుకుంట, “రేపు సెలవు, మగ్గం బందు” అన్నడు. నాకు పానం లేచొచ్చింది. ఎందుకంటె మా తల్లిగారూరు మంఖాల్ల మా అవ్వ, నన్ను గన్న తల్లి, మంచంల వడ్డదని కబురొచ్చి నెల దాటె. పోతనన్నప్పుడల్ల మా అత్త, “ఈ బొచ్చు కుప్ప ఎవలు వడుకుతరు?” అనేది. “రేపు సెలవే గద, మా అవ్వను చూసొస్త” అన్న. మీ తాత నవ్విండు. “సెలవు మగ్గానికే. రాట్నానికి ఎవలిచ్చిండ్రే?” అత్త గూడ నవ్వింది. కడుపు మండింది బిడ్డా, అబద్ధమెందుకు.

తెల్లారంగనే రాట్నం గోడకు నిలవెట్టి, మీ నాయినను సంకనేసుకుని నడిశిన. గీ రింగురోడ్డు, గీ విమానాలు ఏడియి అప్పుడు, అంత చెల్కలే, జొన్న చేన్లే.

మర్నాడు ఇంటికొస్తె మీ తాత రాట్నం ముందట కూసున్నడు. మగ్గానికి దారం లేక తనే వడుకుతుండు. తిప్పుతడు, పుటుక్కున తెగుతది. మల్ల తిప్పుతడు, మల్ల తెగుతది. నవ్వొచ్చింది గని నవ్వలే. నన్ను చూసి లేచి, రాట్నం కాడ జాగిచ్చిండు. మర్సటేడు మీటింగుల ఆయనే అన్నడట, రాట్నాలు గూడ బందు వెట్టాలె అని. మొండోడే గని మంచోడు. గట్లొచ్చింది సెలవు.

“మరి మీ అవ్వ ఎట్లున్నది, గా దినం?”

అవ్వనా... కండ్లు మూసుకునే ఉన్నది. చేతులు మాత్రం ఆగుతలేవు. కుడిచెయ్యి తిరుగుతది, ఎడమచేతి ఏళ్లు దారం గుంజుతున్నట్టు. ముందట రాట్నం లేదు, ఏం లేదు. “వారం నుంచి గిట్లనే వదినా, నిద్రల గూడ వడుకుతది” అన్నది మా తమ్ముని పెండ్లాం. నాకు ఏడుపాగలే. రెండు చేతులు వట్టుకున్న. “అవ్వా, ఇయ్యాల సెలవు” అన్న.

“సెలవంటె ఏందే?”

“పని చేసెటోళ్ల పండుగ. ఇయ్యాల వడకద్దు.”

“మనకు గూడనా?” అన్నది.

“మనకు గూడ అవ్వా.”

అప్పుడు ఆగినయ్ బిడ్డా ఆ చేతులు. తలకు నూనె వెట్టి దువ్విన. ఇంత గటక తిన్నది. ఎనిమిది దినాలకు పానం పాయె.

నువ్వు సల్లగుండు బిడ్డా. పని దొరకాలె నీకు, పని ఇడిశినంక చేతులు ఉత్తగ ఒళ్లె వెట్టుకుని కూసునే పొద్దు గూడ దొరకాలె...