తనిఖీ కంటే ముందు నడిచిన గ్లోబు

ఫస్లీ 1329వ సంవత్సరం ఆజరు నెల పదవ తేదీన, అనగా క్రీస్తుశకం 1919 అక్టోబరు మధ్య రోజులలో, శ్రీ పిడమర్తి యాకోబు గారు మేళ్లచెరువు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులుగా సర్కారు కొలువున ప్రవేశించారు. నేటికి ముప్పది సంవత్సరాల సేవను నిర్విఘ్నంగా పూర్తిచేసి వారు పదవీ విరమణ గావిస్తున్న ఈ శుభసందర్భాన నాలుగు మాటలు రాయవలసిందిగా సంచిక సంపాదకవర్గం నన్ను కోరింది. పదిహేడేళ్లుగా సూర్యాపేటలో ఒకే గదిలో, ఎదురెదురు బల్లల వద్ద వారితో కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణే కావడం అందుకు కారణం. దస్త్రాలు రాసి రాసి వేళ్లు అరిగినవాణ్ణి, మెప్పులు రాయడం చేతకానివాణ్ణి. నిర్విఘ్నంగా, శుభసందర్భాన అన్న మాటలు సైతం అలవాటు కొద్దీ పడ్డవే గాని ఆలోచించి రాసినవి కావు.

మేళ్లచెరువు బడిలో వారు చేరిన నాడు విద్యార్థులు ఇరవై ఆరుగురు, పలకలు ఎనిమిది, నల్లబల్ల శూన్యం. కిరసనాయిలు డబ్బాలను చీల్చి, సుత్తితో సాపు చేసి, దీపపు మసి పులిమి వారు నల్లబల్ల తయారుచేశారు. కలరా నివారణ కోసం ఊరూరా పంచిన ఉర్దూ ప్రకటనలలో మిగిలినవాటిని అడిగి తెచ్చుకొని, వాటి వెనుకవైపు తెలుగు అక్షరాలు దిద్ది గోడలకు అంటించారు. మద్రాసు ఇలాకాలో ఉన్న నడిగూడెం నడిచి వెళ్లి, అక్కడి ఉపాధ్యాయులు పాతబడ్డాయని పక్కన పెట్టిన తెలుగు వాచకాలను మూట గట్టుకొని వచ్చేవారు. సరిహద్దు సుంకపు నాకా మీది జవాను ఆ మూట విప్పి చూసి, "పొగాకు లేదు, బట్టలు లేవు, గీ చింపిరి పుస్తకాల కోసమా పంతులూ గింత దూరం నడిసినవ్?" అని జాలిపడి వదిలేసేవాడని వారే నవ్వుతూ చెప్పేవారు. అడగడానికి వారు ఎన్నడూ సిగ్గుపడలేదు. తమకోసం మాత్రం ఎన్నడూ ఏదీ అడిగినవారు కారు.

ఫస్లీ 1342లో వారు మా తనిఖీ కార్యాలయానికి గుమాస్తాగా బదిలీపై వచ్చారు. సర్కారు గెజిటు, సర్క్యులర్లు అన్నీ ఉర్దూలో అచ్చయి మా బల్లల మీదికే వచ్చేవి. ఏ బడికి ఏ గ్రాంటు దొరుకుతుందో, ఏ పోటీకి ఎప్పుడు గడువో, ఏ శాఖ వారు ఏ పటాన్ని ఉచితంగా పంచుతున్నారో ఆ కాగితాలలో ఉండేది. మేము వాటికి నకళ్లు రాసి, ముద్రలు కొట్టించి, బడులకు పంపేసరికి గడువు దాటి నెల గడిచేది. ఇది ఎవరి తప్పూ కాదు, అందరి అలవాటు. యాకోబు గారు వచ్చిన మొదటి వారంలోనే ఆ అలవాటును చూసి విసిగి, సర్క్యులరు విప్పిన నాడే దాని సారాన్ని తెలుగులో పోస్టుకార్డుల మీద రాసి, కోదాడ వైపు పోయే మోటారు డ్రైవరు చేతిలోనూ, మిర్యాలగూడ సంతకు పోయే బండ్ల వాళ్ల చేతిలోనూ పెట్టసాగారు. ఆ కార్డులలో ఒకే మూస ఉండేది: ఏమి దొరుకుతుంది, ఎవరిని అడగాలి, ఎప్పటిలోగా అడగాలి, చివరన "బద్ధకించవద్దు" అని ఒక మాట. ఆ మాటను చూసి నొచ్చుకున్న ఉపాధ్యాయులు కొందరు, కార్డు అందిన పూటే దరఖాస్తు పెట్టినవారు ఇంకా కొందరు.

వారి కార్డుల పుణ్యాన మిర్యాలగూడ బాలికల బడికి దస్తూరీ పోటీలో బహుమతిగా గోడ గడియారం వచ్చింది. వ్యవసాయ శాఖ ఉచితంగా ఇచ్చిన విత్తనాలతో కోదాడ వైపు ఒక బడి తోటల పోటీలో నిలిచింది గాని, న్యాయనిర్ణేతలు వచ్చేలోగా గుమ్మడికాయలన్నిటినీ పిల్లల తల్లులు పులుసు పెట్టేశారు. ఆ పంతులు గారు మా గదిలోకి వచ్చి, "ఏం చెయ్యమంటారండీ, కాయ కనబడితే ఆగుతారా వాళ్లు!" అని తల పట్టుకున్నారు. యాకోబు గారు, "పులుసు బాగున్నదా లేదా, అది చెప్పుండ్రి," అన్నారు. పదిహేడేళ్లలో వారు పెద్దగా నవ్వగా నేను విన్నది ఆ ఒక్కనాడే.

ఇక గ్లోబు సంగతి. దీన్ని రాయకుండా ఈ వ్యాసం ముగించవచ్చునని మిత్రులు సలహా ఇచ్చారు. ముగించలేను.

ఫస్లీ 1345లో, మిర్యాలగూడలో బదిలీ మీద సామాను సర్దుకుంటున్న ఒక అధికారి ఇంట్లో కాలు విరిగిన గ్లోబు ఒకటి చెత్తలోకి పోబోతుండగా యాకోబు గారు అడిగి తెచ్చారు. చిల్లుపడ్డ దక్షిణధ్రువాన్ని చింతగింజల జిగురుతో, గుడ్డపేలికతో పూడ్చి, వడ్రంగి చేత కొత్త కాలు చేయించారు. దానికి తోడు రెండు దేశపటాలు ఎక్కడో సంపాదించారు. ఆ రోజులలో తనిఖీకి వచ్చిన అధికారి బడిలో సామాను లేదని పుస్తకంలో రాస్తే, ఆ పాపం ఉపాధ్యాయుని మీద పడి జీతంలో పెంపు ఆగిపోయేది. తన బడిలో గ్లోబు లేకపోవడం పంతులు తప్పు ఎట్లా అవుతుందని ఎవరినడుగుతాం? అందుకని యాకోబు గారు ఒక ఉపాయం ఆలోచించారు. అధికారి పర్యటన వివరాలు మా కార్యాలయానికి ముందే తెలుస్తాయి. అధికారి కంటే ఒక రోజు ముందు ఆ గ్లోబు, ఆ పటాలు ఆ బడికి చేరుతాయి, తనిఖీ కాగానే పై ఊరికి కదులుతాయి. ఏ బడికి ఏ దినం పోవాలో పట్టిక రాసేవారు ఒకరుండేవారు. నెత్తిన పెట్టుకొని మోసేవాడు మా కార్యాలయపు జవాను బీక్యా. అట్లా పద్నాలుగేళ్లు, ఇరవై రెండు బడులు. ఒక్క పంతులుకూ పెంపు ఆగలేదు. సామాను కలదు, సామాను కలదు అని ఇరవై రెండు తనిఖీ పుస్తకాలలో ఏటేటా ముద్ర పడింది. మేము మేలు చేస్తున్నామనే నమ్మాము.

అదే పద్నాలుగేళ్లు ఆ ఇరవై రెండు బడులూ సామాను గ్రాంటు కోసం దరఖాస్తులు పెట్టాయి. యాకోబు గారే కార్డులు రాసి పెట్టించారు. ఏటా తిరస్కరణ వచ్చేది, కారణం రాసేవారు కారు. పై కార్యాలయం వారిని తిట్టుకొని మళ్లీ పెట్టించేవాళ్లం. నడుమ రెండేళ్లు కల్లోలంలో బడులే మూతపడ్డాయి. పోలీసు చర్య తర్వాత తెలుగులో చదువు చెప్పాలన్న ఉత్తర్వుతో పాటు, గత వేసవిలో ఒక సర్క్యులరు వచ్చింది. సామాను లేని బడులకు నల్లబల్ల, పలకలు, పటాలు, తెలుగు వాచకాలు ఉచితంగా ఇస్తారు. ఈ సంవత్సరాంతానికి కూడా సామాను సమకూరని చిన్న బడులను ఎత్తివేసి పెద్ద బడులలో కలుపుతారు. మేము మళ్లీ ఇరవై రెండు దరఖాస్తులు పంపాము. ఇరవై రెండూ తిరిగి వచ్చాయి. ఈసారి కారణం రాశారు: తనిఖీ పుస్తకం ప్రకారం ఈ బడులలో సామాను కలదు.

యాకోబు గారు ఆ వాక్యం చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

ఆ మరునాడు బీక్యా వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. వాడిది మఠంపల్లి దగ్గరి తండా. "దొరా, మా తండా బడికి సామాను ఇయ్యరంట గద? బడి ఎత్తేస్తరని తులసీరాం పంతులు ఏడుస్తుండు," అన్నాడు.

"సామాను ఉన్నదని పుస్తకంల రాసి ఉన్నది, బీక్యా," అన్నారు యాకోబు గారు.

"ఏడున్నది దొరా? పోరగాండ్లు ఇసుకల రాస్తున్నరు. పెద్ద బడికి పోవాల్నంటే నాలుగు కోసులు. మా ఆడపిల్లలు పోతరా? అందరు గొడ్ల ఎనక పోతరు."

"గ్లోబు ఉన్నదని రాసిండ్రు. పటాలు ఉన్నయని రాసిండ్రు."

బీక్యాకు అప్పుడు అర్థమైంది. తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. "ఆ గుండు మోసింది నేనే గద దొరా. ఎండల మోస్తి, వానల మోస్తి. మా పిల్లల నోట్లె మన్ను నా చేతులతోనే కొట్టిన్నా?"

"నీ చేతులు కావు నాయినా," అన్నారు యాకోబు గారు. "మావి."

బీక్యా వెళ్లగానే, "జానయ్యా, కాగితం తియ్యి. ఉన్నదున్నట్టు రాద్దాం," అన్నారు. పద్నాలుగేళ్ల తనిఖీలు మా వల్ల అబద్ధమైనాయని, ఆ ఇరవై రెండు బడులలో సామాను ఏనాడూ లేదని పై కార్యాలయానికి ఒప్పుకోలు పత్రం. పదవీ విరమణకు అప్పటికి మూడు నెలలు లేదు.

"అన్నా, నీకేమన్న పిచ్చా? జర ఓపిక పట్టు. పింఛను చేతికొచ్చినంక రాయి, ఎవరొద్దన్నరు?" అన్నాను.

"అప్పటిదాంక ఆ బడి ఉంటదా?"

"ఉండకుంటే నువ్వేం జేస్తవ్? ముప్పై ఏండ్ల కొలువు గంగల కలుపుకుంటవా?"

"ఇరవై రెండు బడుల చదువు గంగల కలిపినం గద జానయ్యా. ఇగ కొలువెంత?"

వారు చెబుతుంటే నేను ఉర్దూలో రాశాను. మా గదిలో దస్తూరీ నాదే బాగుంటుంది. ఏ బడికి ఏ దినం గ్లోబు పోవాలో పట్టిక వేసిన వ్యక్తి పేరుతో ఒక వాక్యం ఉండవలసిన చోటు వచ్చింది. ఆ వాక్యం కూడా రాశాను. అడుగున రెండు సంతకాలకు చోటు వదిలాను. కలం ఆయనకు ఇవ్వకుండా, నేనూ పెట్టకుండా అట్లాగే కూర్చుండిపోయాను. వారు నా ముఖం చూశారు. కలం నా వేళ్ల నుంచి తీసుకొని, ఆ ఒక్క వాక్యాన్ని కొట్టివేసి, తామొక్కరే సంతకం చేసి, "నీకింకా పదకొండేండ్ల కొలువున్నది. పిల్లలు చిన్నోళ్లు. ఊకో," అన్నారు. నేను ఊరుకున్నాను. ఆ సంతకం మీద సిరా ఆరడానికి ఇసుక చల్లినది కూడా నేనే.

దసరాకు పది రోజుల ముందు మఠంపల్లి తండా బడికి బండి మీద నల్లబల్ల, నలభై పలకలు, పటాలు, వాచకాలు చేరాయి. తక్కిన ఇరవై ఒక్క బడులకూ మంజూరు అయింది. తులసీరాం గారు సంతోషంతో కార్డు రాశారు, బీక్యా రెండు రోజులు సెలవు పెట్టి చూసి వచ్చాడు. ఆ వారమే యాకోబు గారి పింఛను కాగితాలను విచారణ ముగిసేవరకు నిలిపివేసినట్లు ఉత్తర్వు వచ్చింది. విచారణ ఎప్పుడు మొదలవుతుందో అందులో లేదు. ఈ సంచికకు సందేశాలు పంపుతామన్న పెద్దలు కూడా ఆ ఉత్తర్వు చూశాక పంపలేదు. అందుకే తొలి రెండు పుటలు ఖాళీగా ఉన్నాయి, అచ్చువారి పొరపాటు కాదు.

గత ఆదివారం వారింటికి వెళ్లాను. యాకోబు గారు ప్రార్థనకు వెళ్లి ఇంకా రాలేదు. వారి ధర్మపత్ని ఏసమ్మ గారు మంచినీళ్లిచ్చి, "తమ్మీ, ఆ కాగితం మీ అన్న ఒక్కడే రాసిండా?" అని అడిగారు. అవునన్నాను. నీళ్లు తాగి వచ్చేశాను.

ఈ వ్యాసం మొదలుపెట్టింది ఆ సాయంత్రమే. పైన పట్టిక రాసేవారు ఒకరుండేవారని రాశాను. అబద్ధాలతో ఇంతగా అలసిన మనిషికి కూడా దాపరికం ఎంత సులువుగా అబ్బుతుందో చూడండి. ఆ ఒకరు నేనే. పద్నాలుగేళ్ల పట్టికలూ నా దస్తూరీలోనే ఉన్నాయి. కొట్టివేయబడిన ఆ వాక్యాన్ని, నా పూర్తి పేరుతో, ఉర్దూలో మళ్లీ రాసి, దాని కింద సంతకం చేసి, విచారణాధికారి గారి పేరిట నిన్న టపాలో వేశాను. ఈ సంగతి యాకోబు గారికి తెలియదు. ఈ సంచిక చేతికందినప్పుడు చదువుకుని కోప్పడతారు. కోప్పడనీ. ఏసమ్మ గారికి మాత్రం ఎవరైనా చదివి వినిపించవలసిందిగా ప్రార్థన.

విచారణకు పిలుపు వచ్చిన నాడు నల్లగొండ మోటారులో మేమిద్దరం పక్కపక్కన కూర్చొని పోవలసి ఉన్నది. ఎన్నిసార్లు పిలుస్తారో, ఎన్నేళ్లు పిలుస్తారో, మన కార్యాలయాల నడక ఎరిగిన మీకు చెప్పనక్కరలేదు. కనుక శ్రీ పిడమర్తి యాకోబు గారికి సర్వేశ్వరుడు సంపూర్ణ ఆరోగ్యాన్ని, చెదరని కంటిచూపును, గట్టి మోకాళ్లను, ఆ విచారణ కంటే దీర్ఘమైన ఆయుష్షును ప్రసాదించుగాక అని మనసారా వేడుకుంటున్నాను. అంతకాలమూ పక్క సీటులో కూర్చునే ఓపికను నాకూ ప్రసాదించుగాక.

కందుల జానయ్య
గుమాస్తా, సూర్యాపేట