రంగులెవరు చదివారు?

ఆగు ఆయతీ, ఆ అరలోని మెంతులను అలా గబగబా చాటలోకి దులిపివేయకు. ముందు అర మీద ఏమి వ్రాసి ఉన్నదో చదువు. 'ఏంది' కాదమ్మా, 'ఏమిటి' అనాలి. మీ కిష్టారంలో ఎలాగైనా అనుకో, బడిలో పిల్లలకు సైన్సు చెప్పేదానివి, నా ఇంట్లో అద్దెకు ఉన్నన్నాళ్లూ 'ఏమిటి' అనే అను. చదివావా? 'పది వేల ఓములు'. ఆ చేతివ్రాత నాదే. నలభై ఏళ్లు దాటినా ఒక్క కొమ్ము చెరగలేదు చూడు. పక్కన ఆవాలు పోసిన అర నాలుగు వందల డెబ్బై, దాని కింద వాము పోసినది లక్ష. మేము బచేలి రైల్వే క్వార్టర్లలో ఉన్నప్పుడు జోగ అనే వడ్రంగి చేత మా ఆయన కొలతలు చెప్పి మరీ చేయించిన బీరువా ఇది. నలభై అరలు, ఒక్కొక్క అరలో ఇన్ని ఓములని ఒక్కొక్క విలువ గల రెసిస్టర్లు, అంటే కరెంటును అడ్డుకునే చిన్న పుల్లలు, అట్టడుగు వరుసలో కెపాసిటర్లు, డయోడ్లు. ఆయన పోయి ఏడాది తిరగకుండానే అన్నింటినీ గోనెసంచిలో పోసి పాతసామాన్లు కొనే కబాడీవాడికి ఇచ్చివేశాను. ఎందుకా? కోపం. మనిషి పోయిన తరువాత కూడా మిగిలిపోయే కోపం ఒకటి ఉంటుంది, నీకు ఇంకా తెలియదులే. బీరువాను మాత్రం ఇవ్వలేకపోయాను. ఈ గీదం ఊళ్లోని ఇంటికి తెచ్చి పోపుల పెట్టెగా వాడుకుంటున్నాను. ఇప్పుడు నువ్వు బడిపిల్లల కోసం కొరియరులో రెసిస్టర్ల పొట్లాలు తెప్పించి, మొదటి నుంచి అన్నీ కూడబెట్టుకోవాలి, ఈ అరలు ఇస్తారా అని అడిగేసరికి నాకు... సరేలే. ఆ వాము సీసాలో పొయ్యి. ఘాటు వేళ్లకు పట్టుకుంటుంది, ఆ చేత్తో కళ్లు నలుపుకోకు.

ఆయన పేరు రామ్మూర్తి. ఇంజను డ్రైవరు కావాలని వాల్తేరు వెళ్లారు. అక్కడి డాక్టరు రంగుచుక్కల పుస్తకం ఒకటి తెరిచి, 'ఈ చుక్కలలో ఏ అంకె కనబడుతున్నదయ్యా?' అని అడిగాడట. ఈయన ఎంతసేపు చూసినా, 'చుక్కలే కనబడుతున్నాయండీ' అన్నారట. ఎరుపూ ఆకుపచ్చా ఆయనకు ఒకటే. గోధుమరంగు కూడా వాటిలోనే కలిసిపోయేది. అలా డ్రైవరు ఉద్యోగం పోయి, స్టోర్సులో గుమాస్తాగా ఈ కిరండూల్ లైనుకు వచ్చిపడ్డారు. అటువంటి మనిషికి దేవుడు ఇచ్చిన సరదా ఏమిటో చూడు, రెసిస్టర్ల మీది రంగుగీతలను బట్టి విలువ చదువుకోవలసిన సరదా! సంతలో చెడిపోయిన రేడియోలు తెచ్చి, టంకం కరిగించి, ఒక్కొక్క ముక్కనూ ఊడదీసి ఊరగాయ జాడీలో వేసుకునేవారు. నేను విజయనగరంలో భాషాప్రవీణ చదివినదానను కదా, ఛందస్సులో గణాలకు సూత్రం ఉన్నట్లే ఈ రంగులకూ ఒక సూత్రం కట్టి ఇస్తానన్నాను. సున్న నుంచి తొమ్మిది వరకు నలుపు, గోధుమ, ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా, బూడిద, తెలుపు. వీటి మొదటి అక్షరాలు కలిపితే చాలును. కాని గో పక్కన ఎ, ప పక్కన ఆ, అచ్చులు అలా నోళ్లు తెరుచుకుని నిలబడకూడదు. అందువలన యడాగమం చేసి, 'నగోయెనా పయానీయూ బూతె' అని శాస్త్రబద్ధంగా వ్రాసి ఇచ్చాను. గోడకు అంటించుకున్నారు. పసుపు ఒక్కటి ఆయనకు చక్కగా కనబడేది. ఒకనాడు పసుపుగీత చూసి, సూత్రం చూసి, 'యె అంటే యెల్లో, అంకె రెండు' అనుకున్నారు! నేను ఎరుపుకు పెట్టిన యె అది! నాలుగు వేల ఏడు వందలను రెండు వేల ఏడు వందలనుకుని బిగించేసరికి ట్రాన్సిస్టరు మాడి ఇల్లంతా కంపు. 'నీ వ్యాకరణం నా రేడియోను తగలబెట్టిందే' అన్నారు. నువ్వు నవ్వుతున్నావు, నేను అప్పుడు నవ్వలేదు. 'యడాగమం తప్పు కాదు, అందులో మీ ఇంగ్లీషు దూర్చటం తప్పు' అన్నాను. ఆ మరుసటి నెలలో విశాఖపట్నం వెళ్లి, ముల్లు ఊగే నల్లని మీటరు ఒకటి తెచ్చుకున్నారు. ఎందుకని అడిగితే, బ్యాటరీలు బాగున్నవో లేదో చూడటానికి అన్నారు. నాతో మాత్రం, 'ఇక సూత్రాలు వద్దు, నువ్వే పక్కన కూర్చుని చదువు' అన్నారు.

అది మొదలు, ఆయన డ్యూటీ దిగి కాఫీ త్రాగిన తరువాత, కిటికీలో వెలుతురు ఉన్నంతసేపు అదే పని. ఆయనకు స్టూలు, నాకు చేతుల కుర్చీ. బంగారు గీతను కుడివైపు పెట్టుకుని ఎడమ నుంచి చదవాలి. 'గోధుమ, నలుపు, నారింజ' అని నేనంటే, 'పది వేలు' అని ఆయన. నేను అర లాగేదానను, ఆయన అందులో వేసేవారు. మరొక మాట ఉండేది కాదు. ఆయన నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు, చీర బాగున్నది అనలేదు. ఏ రంగు చీరో తెలిస్తే కదా అనటానికి! 'పది రకాలు ఉంటే చాలు, మిగిలినవి జత కలిపి చేసుకోవచ్చు' అనేవారు. వంద కొసకు వంద చేర్చితే రెండు వందలట. నీకు పది రకాలు వచ్చాయా? చాలును, ఆశపడి అన్నీ తెప్పించకు. ఏమి చెబుతున్నాను? ఆఁ, మా చినబాబు పుట్టినప్పుడు పురిటికి విజయనగరం వెళ్లి, అయిదు నెలలు ఉండి తిరిగి వచ్చాను. వచ్చేసరికి బల్ల మీద కొత్త రేడియో. మొదటి తీగె నుంచి చివరి మేకు వరకు ఆయన కట్టినదే. విశాఖపట్నం కేంద్రం పలుకుతున్నది. ఈ హిందీ, ఇక్కడి హల్బీ మాటల మధ్య తెలుగు వినక చెవులు ఎండిపోతున్నవి అని ఎప్పుడో ఒకసారి అన్నానట. ఇంకొకతె అయితే పొంగిపోయేది. నేనేమి చేశాను? చంటిబిడ్డను చంకలో నుంచి దింపకుండానే వెనుక మూత తీసి చూసి, 'ఇందులో ముప్ఫై రెసిస్టర్లు ఉన్నవి, రంగులెవరు చదివారు?' అన్నాను. ఆయన నవ్వి, మీట తిప్పి, శబ్దం పెంచారు. అంతే. మరునాడు పక్క క్వార్టరు వరహాలమ్మ వచ్చింది, గ్యాంగుమేస్త్రీ భార్య. 'వొదినా, అన్నియ్య ఒక్కుడే ఉన్నాడని రోజూ కూరట్టుకెల్లి ఇచ్చీదాన్ని. ఆ రంగురంగుల పుల్లలు బలేగున్నాయే!' అన్నది. బలేగున్నాయా? ణకు నకు తేడా తెలియని మనిషి, ఎనిమిదో తరగతి తప్పిన మనిషి, నా కుర్చీలో కూర్చుని 'గోదుమ, నలుపు' అని చదివిందా! ఆ రేడియోను నెల రోజులు వినలేదు. ఆయన పక్కన కూర్చోవటం మాత్రం మానలేదు, అది నా కుర్చీ గనుక. వరహాలమ్మ కూతురి పెళ్లికి వెళ్లలేదు. వాళ్లు కొత్తవలస వెళ్లి స్థిరపడుతుంటే స్టేషనుకైనా వెళ్లలేదు. ఇప్పటికీ అక్కడే ఉన్నది, ప్రతి ఉగాదికీ ఫోను చేసి, 'వొదినా, బాగున్నావేటి?' అంటుంది. 'ఉన్నాను' అని పెట్టివేస్తాను. ఆయన రిటైరైన నాడు మళ్లీ అడిగాను. 'ఇరవై ఏళ్లయింది, ఇప్పటికైనా చెప్పండి, రంగులెవరు చదివారు?' అరలు సర్దుతూనే, 'చెబితే రేపటి నుంచి నువ్వు వచ్చి కూర్చోవు' అన్నారు. దానికి అర్థం ఏమిటి? తప్పు ఒప్పుకున్నట్లే కదా! ఆ తరువాత రెండేళ్లకు ఆ ఒక్క వాక్యమే నా మొహాన మిగిల్చి వెళ్లిపోయారు. ఎన్ని సాయంత్రాలు దానిని విడగొట్టి చూశానో. కర్తను ఎక్కడా చెప్పలేదు. ఎవరు చదివారో చెప్పలేదు. అందుకే ఆ గోనెసంచీ, ఆ కబాడీవాడూను.

ఏదీ, రెసిస్టర్లు అంటించిన ఆ కాగితపు పట్టీ ఇలా ఇయ్యి. కొంచెం పక్కకు జరుగు, వెలుతురుకు అడ్డం ఉన్నావు. శుక్లాలు తీయించుకున్న దగ్గర నుంచి నీలం మరీ నీలంగా కనబడుతున్నది కాని, చదవగలను. గోధుమ... నలుపు... నారింజ. పది వేలు! మెంతుల అరలో వేసెయ్యి. ఏమిటి, సరిచూస్తావా? నా చదువును సరిచూస్తావా? దేనితో, ఆ పసుపుపచ్చని మీటరుతోనా? అది బ్యాటరీలు చూసుకునేది కదమ్మా. రెండు కొసలకు రెండు తీగెలు ఆనిస్తే... ఆనించు, చూద్దాం. ఏమిటా అంకె? పది. పక్కన కె ఉంటే పది వేలేనా? నేను చెప్పకుండానే? రంగు చూడకుండానే? ఇవి ఇప్పటివి గనుక చెబుతున్నవి. అప్పటి వాటికి అంత తెలివి ఎక్కడిది? ఏమన్నావు? ముల్లు ఊగేవి కూడానా? ఆ రోజుల్లోనూ చెప్పేవా? బాగా తెలిసే అంటున్నావా? గుర్రపునాడా వంటి గుర్తు ఉంటే ఓములు చెప్పినట్లేనా... ఉండేది. ఆయన నల్లని మీటరులో, ముల్లు కింద, అద్దం లోపల ఉండేది. రోజూ తుడిచినదానను నేనే కదా.

...ఏమీ లేదమ్మా. వాము ఘాటు. ఆ మీటరు అవతల పెట్టు. తరువాతది ఇయ్యి, నేను చదువుతాను. ఉండు, దానికి ముందు నీ ఫోనులో చూసి చెప్పు, రేపటి పాసింజరు కొత్తవలస ఎన్ని గంటలకు చేరుతుంది?