నిలబడే సగం

బాబాయి ఉద్యోగ విరమణ విందుకు చుట్టాలంతా అపార్ట్‌మెంటు డాబా మీద చేరారు. అద్దె కుర్చీల బాధ్యత అక్క మొగుడు, అదే బావగారు, తన నెత్తిన వేసుకున్నాడు. ఎక్కడ తేడా కొట్టిందో గానీ, వచ్చినవాళ్లలో చాలామందికి కుర్చీ లేదు. మోకాళ్ల నొప్పుల పెద్దమ్మ పిట్టగోడకు చేరగిలబడింది. ఆయన మరదలు బోర్లించిన బకెట్ మీద సర్దుకుంది. బావగారు మాత్రం చేతుల కుర్చీలో కాలు మీద కాలేసుకుని గొంతు సవరించుకున్నాడు.

ఆయన కోతల సంగతి మరదలికి తెలియక కాదు. రేపు పొద్దున ఆ అమ్మాయికి కన్సల్టింగ్ కంపెనీలో ఇంటర్వ్యూ. ఈ ఊళ్లో ఏడాదికి ఎన్ని గొడుగులు అమ్ముడవుతాయి లాంటిదేదో అడుగుతారు. ఆధారాలేమీ ఇవ్వరు, అక్కడికక్కడ అంచనా కట్టి చెప్పాలి. ఇప్పటికే రెండు చోట్ల ఆ ప్రశ్న దగ్గరే నోరు పెగల్లేదు. ఇదీ పోతే ఇంకెవరూ పిలవరని బెంగ. బావగారి దగ్గర పనికొచ్చే ముక్క ఒక్కటైనా దొరక్కపోతుందా అని ఆశపడి, ఆ అమ్మాయే ఆయన పాత ఇంటర్వ్యూ సంగతి కదిలించింది.

"నన్ను అడిగింది కుర్చీల గురించమ్మా," అన్నాడు బావగారు. "ఊళ్లో ఏడాదికి ఎన్ని అమ్ముడవుతాయని. మామూలువాళ్లయితే మనిషికో కుర్చీ అంటారు, బోల్తా పడతారు. లోకంలో ఎప్పుడు చూసినా సగంమంది నిలబడే ఉంటారు! కాబట్టి సగం చాలు. అదీ నా సూత్రం. ఠకీమని చెప్పేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఉద్యోగం ఇచ్చారా?" అంది మరదలు.

"ఉద్యోగం ఒక లెక్కా! అడిగినాయన గబుక్కున లేచి నిలబడ్డాడు, నా అంచనా ఎక్కడ తప్పుతుందోనని! పెద్ద మేనేజరు పరుగెత్తుకొచ్చి, దేశం మొత్తానికి చెప్పండన్నాడు. చెప్పా. భూగోళానికి? అదీ చెప్పా. మనుషుల్ని పంపి లెక్కపెట్టిస్తే ఒక్క కుర్చీ తగ్గింది. నేను బెదిరానా? 'ఇందాక మీ ఛైర్మన్‌గారు కూర్చోబోయి పడ్డారు, ఆ విరిగిందాన్నీ కలుపుకోండి' అన్నా. సరిగ్గా సరిపోయింది!"

"ఆయన పడ్డట్టు మీకెలా తెలిసింది?" అన్నాడు బాబాయి.

"చప్పుడును బట్టి బరువు, బరువును బట్టి హోదా, మావయ్యగారూ! ఇక ఆ మర్నాటి నుంచి ఏ ఫ్యాక్టరీ అయినా నన్నడక్కుండా కుర్చీకి మేకు కొడితే ఒట్టు. ఓసారి జలుబు చేసి ఫోనెత్తలేదు. ఏమైందనుకున్నారు? మూడు ఖండాల్లో జనం నిలబడే తిన్నారు, నిలబడే నిద్రపోయారు. చివరికి గుర్రాలొచ్చి, 'అయ్యా, మా విద్య వీళ్లకెవరు నేర్పారు?' అని నన్ను నిలదీశాయి!"

"గుర్రాలు మాట్లాడాయా?"

"ఎంతో మర్యాదగా!"

అందరూ పడీ పడీ నవ్వారు. మరదలికి మాత్రం ఒళ్లు మండింది. రేపు తన బతుకు తేలబోతుంటే ఈయన గుర్రాలతో ముచ్చట్లాడుతున్నాడు. విసుగ్గా తల తిప్పి డాబా అంతా చూసింది. కూర్చున్నవాళ్లు ఎంతమందో, నిలబడ్డవాళ్లూ ఇంచుమించు అంతేమంది. ఆ అమ్మాయి నెమ్మదిగా బకెట్ మీంచి లేచింది.

"బావగారూ, ఇవాళ ఎంతమంది వస్తారనుకున్నారు?"

"ఎనభై! చూసుకో, ఒక్కరు కూడా అటూ ఇటూ కాలేదు."

"మరి కుర్చీలు?"

"నలభై," అంది వెనక నుంచి అక్క.

"మనుషుల్ని బాగానే లెక్కేశారు," అంది మరదలు. "రోడ్డు మీదైతే మీ సూత్రం చెల్లుతుందేమో. విందుకొచ్చినవాళ్లంతా ఒకేసారి కూర్చోవాలి కదండీ."

ఆ మాట తన నోటినుంచే వచ్చినందుకు ఆ అమ్మాయికి సంతోషమేసింది. సూత్రం సంగతి తర్వాత. ఎవరికి, ఎప్పుడు, ఎందుకు కావాలో రేపు ముందు అదే అడుగుతుంది. పోయిన రెండుసార్లూ అడగనిది అదే.

బావగారు గుర్రాల దగ్గరికి మళ్లీ వెళ్లబోయాడు గానీ, అప్పటికే పెద్దమ్మ పిట్టగోడ వదిలి కుంటుకుంటూ వచ్చి ఆయన ముందు నిలబడింది.

"లేవండి అల్లుడుగారూ," అంది. "ఆ నిలబడే సగంలో కాసేపు మీరుండండి."