ఒకే బూటుకి రెండు చిప్‌లు

హలో… ఆ, నేనే అన్నయ్యా. మీ పరుగు జోడీ వాళ్ళావిడని.

…

బాగానే ఉన్నాం. మీరు కొట్లోనే ఉన్నారా? మిషన్ చప్పుడు వినపడుతోంది… ఆపక్కర్లేదు, కుట్టుకుంటూనే మాట్లాడండి. చిన్న అనుమానం, అంతే.

ఆయనా? ఇంట్లో లేరు. జుట్టు కత్తిరించుకొస్తానని వెళ్ళారు… అవును, మొన్ననే కత్తిరించుకున్నారు. అదింకో అనుమానం, దాని సంగతి తర్వాత.

అన్నయ్యా, మొన్న ఆదివారం మారథాన్ ఆయన నిజంగా పూర్తి చేశారా?

…

"పూర్తి చేశారా" అని మళ్ళీ నన్నే అడుగుతారేంటి? నేనడిగిందే అది.

… ఇద్దరూ కలిసే. సరే. నాకెందుకంటే, వచ్చే నెల ఇంకో మారథాన్‌కి పేరిచ్చేశారు. రేపు పొద్దున్నుంచి మళ్ళీ ప్రాక్టీసంటున్నారు. నిన్న మెట్లెక్కి వచ్చి, చొక్కా గుండీలు విప్పుకుని, గోడ పట్టుకుని నిలబడిపోయారు. ఏమైందంటే ఏం లేదన్నారు. మా మామగారు కూడా ఏం లేదు, ఏం లేదంటూనే కన్నుమూశారు. అందుకని రేపు ఆయన పరుగుకని గడప దాటేలోపు నాకు నిజం తెలియాలి.

… కలిసే అంటే, మొదట్నుంచీనా?

అదెలా కుదురుతుంది? దారిలో అక్కడక్కడా చాపలు పరుస్తారు కదా, బూటు లేసుకి కట్టిన చిప్ వాటి మీదుగా పోగానే టైము ఎక్కుతుంది, ఇంట్లోవాళ్ళ ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. పోటీ వాళ్ళ సైట్‌లో మీ నంబరు కూడా కొట్టి చూశాను లెండి. మొదటి చాపల దగ్గర ఆయన మీకంటే చాలా ముందున్నారు.

… నిదానంగా పొమ్మన్నా వినలేదా? ఆ మాట నమ్ముతాను. ఆయన ఎవరి మాట విన్నారు కనక.

కానీ సగం దాటాక ప్రతి చాప దగ్గరా మీ టైమూ ఆయన టైమూ ఒకటే. సెకను తేడా లేదు. కవలలు కూడా అలా పుట్టరు అన్నయ్యా.

… ఆయన కోసం ఆగారా? మీరు? మంచినీళ్ళకి కూడా ఆగరని ఆయనే చెప్పి నవ్వుతుంటారు.

పోనీ, మీ మెడల్ ఏది?

… ఇంట్లో ఉందా. నిన్న వదిన మా కళ్ళద్దాల కొట్టుకొచ్చింది, కాడ వదులైందని. బిగిస్తూ అడిగాను. మీది పోస్టులో వస్తుందని చెప్పారట కదా… ఇంకా రాని మెడల్ ఇంట్లో ఎలా ఉంది? ఆయన మెడలో వేసుకుని వచ్చింది మీదేనా?

… … తడబడకండి. మొదట నేనేమనుకున్నానో చెప్పనా? అడ్డదారిన పోయి ఆటో ఎక్కారనుకున్నాను. సిగ్గేసింది కూడా. తర్వాత పోటీ వాళ్ళు ఫొటోలు పెట్టారు. మీరు చివరి గీత దాటుతున్నారు, పక్కన ఆయన లేరు.

… వెనకాల ఉన్నారా? ఒకే సెకనులో దాటిన మనిషి వెనకాలెందుకుంటారు? పెద్దది చేసి చూశాను అన్నయ్యా. మీ ఎడమ బూటు లేసుకి రెండు చిప్‌లున్నాయి.

… మట్టి మరకా? పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ కళ్ళకి అద్దాలు పెట్టేదాన్ని, చిప్‌కీ మరకకీ తేడా తెలియదా నాకు?

ఆ రోజు ఆయన లేసులు కట్టింది నేను. నడుం పట్టేసి వంగలేకపోతుంటే చిప్ కూడా నేనే దూర్చి బిగించాను. ఆయన తిరిగొచ్చేసరికి అది నేను వేసిన ముడి కాదు. వంగలేని మనిషి లేసెలా విప్పుకున్నారా అని అప్పుడే అనిపించింది. మీరు విప్పారు కదూ.

…

చెప్పండి అన్నయ్యా. మిషన్ కూడా ఆపేశారుగా.

… ఊఁ.

… రోడ్డు పక్కన కూర్చుండిపోయారా. ఎడమ చెయ్యి లాగుతోందన్నారా… ఊఁ. చెప్పండి.

… డాక్టర్ల టెంట్‌లో పడుకోబెట్టి… వైర్లు పెట్టి… పెద్దాసుపత్రికి వెళ్ళమన్నారు. వెళ్ళారా?

… వెళ్ళలేదు.

… ఆయన మెసేజ్‌లు మధ్యలో ఆగిపోతే నేను హడలిపోతానని. అందుకని చిప్ విప్పి మీకిచ్చి, నువ్వు పరిగెత్తరా అన్నారు. మీరు పరిగెత్తారు.

… కాదనలేకపోయారు. సరే. రెండు రోజుల్లో చూపించుకుంటానని ఒట్టేశారు, మీరు నమ్మారు. నేనూ ఆయన ఒట్లు చాలా నమ్మాను లెండి.

… ఆగండి. "వచ్చే నెల మారథాన్ మానేస్తే చాలా" అని ఆయన తరఫున మీరు బేరమాడుతున్నారేంటి? ఆ మాట మీకెవరు చెబుతున్నారు? ఇందాకటి నుంచీ చూస్తున్నాను, నేనడిగిన ప్రతిదీ పక్కనెవరికో వినిపించేలా గట్టిగా మళ్ళీ అంటున్నారు, కాసేపాగి జవాబిస్తున్నారు. ఆయన వెళ్ళిన సెలూన్ మీ పక్క కొట్టే కదూ.

ఫోన్ ఆయనకివ్వండి.

… ఆయనకివ్వండి అన్నయ్యా.

…

ఏమండీ.

… తిట్టను. తిట్టే ఓపిక కూడా లేదు. ఒక్క సంగతి చెబుతాను, వినండి. ఆదివారం మీరు పూర్తి చేశారని మెసేజ్ రాగానే నేనేం చేశానో తెలుసా? పిల్లల్ని పిలిచి చప్పట్లు కొట్టించాను. పైవాటావాళ్ళకి చెప్తే వాళ్ళూ కొట్టారు. మీరక్కడ గుండెకి వైర్లు తగిలించుకుని పడుకుంటే, నేనిక్కడ చప్పట్లు కొడుతూ నిలబడ్డాను. నాతో అంత పని చేయిస్తారా మీరు?

…

కంగారు పడకూడదనా? మీ గురించి కంగారు పడే హక్కు నాకు కాక ఇంకెవరికుందండీ?

… ఏడవకండి, ఊరుకోండి. కొట్లో మనుషులుంటారు.

… రేపు కాదు. ఇప్పుడే. నేనే వస్తున్నాను, అట్నుంచి అటే ఆసుపత్రికి. … మీరు ఎదురు రావద్దు. ఆ కొట్టు మెట్లు కూడా దిగొద్దు. కుర్చీలోంచి లేవొద్దు.

… బాగానే ఉందా? మీ మాట ఇక నేను నమ్మను. మాట్లాడకండి. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని ఊపిరి పీల్చండి, నాకు వినపడాలి.

…

ఆ. అలాగే.

స్పీకర్ పెట్టి ఫోన్ బల్ల మీద ఉంచుతున్నాను, చెప్పులేసుకోవాలి. కట్ చేయకండి… ఊఁ, వినపడుతోంది… ఆపకండి.