అమ్మ కడుపునొప్పి

కుట్టుమిషను టకటకలు వీధి మలుపుకే వినిపించాయి. చెల్లెలు గడపలో నిలబడినా, అక్క కుట్టు మీంచి తలెత్తలేదు.

"రిపోర్టొచ్చిందటే?"

"రేపట. కడుపులో ఆ గడ్డ ఏమిటో రేపు తేలుతుంది."

"నీకేం కాదులే, ఊరికే బెంగపడకు."

"మొన్న నువ్వే కదక్కా, నా జాకెట్టు చేతులు బిగించి, లంగా నడుము వదులు చేశావు? చేతులు చిక్కి పొట్ట ఉబ్బుతుంటే నీ టేపుకైనా అనుమానం రాలేదా?"

"గ్యాసేమో అనుకున్నానే."

"మా ఆయనా అంతే. పొట్ట మీద తబలా వాయించాడు, మహానుభావుడు! మీ అమ్మ ఏ జబ్బుతో పోయిందని డాక్టరమ్మ అడిగింది. కడుపునొప్పన్నాను. ఉత్త కడుపునొప్పికి ఎవరూ చచ్చిపోరమ్మా అంది."

మిషను ఆగింది.

"అప్పటికి నువ్వు చిన్నపిల్లవి."

"ఇప్పుడు నా తల నెరిసింది. ఇంకెప్పుడు పెద్దదాన్నవుతాను?"

"బయటికి పొక్కితే నీకు సంబంధాలు రావని నాన్న నాచేత ఒట్టు వేయించుకున్నాడే."

"పెళ్లై పిల్లలూ పుట్టారుగా! ఆ తర్వాతైనా చెప్పుంటే, పొట్ట ఉబ్బిన రోజే పరుగెత్తేదాన్ని. సరే, నువ్వు చూపించుకున్నావా?"

అక్క చేతిలోని గుడ్డను మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది.

"ఏటేటా," అంది చివరికి.

చెల్లెలు చేదుగా నవ్వింది.

"రేపు డాక్టరమ్మకి అమ్మ జబ్బు ఏమని చెప్పను? నా ముఖం చూసి చెప్పు."

అక్క తలెత్తింది.

"అండాశయానికి క్యాన్సర్."