శనివారం సజ్జరొట్టె

మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో, కంభంలో ఒక రైతు ఇల్లు. శనివారం పొద్దుగూకినాక వంటింట్లో భార్యాభర్తలు మాట్లాడుకుంటున్నారు.

“మధ్యాహ్నం తిన్నాను గదయ్యా. ఒక్కపొద్దు నాడు ఒకే పూట కూడు. ఇంక మెతుకు ముట్టను.”

“నీ ఒక్కపొద్దు సంగతి సూదికేం తెలుసే? ఇప్పుడు వేసిన మందు తెల్లవార్లూ ఒంట్లో చక్కెరను తగ్గిస్తానే ఉంటది. పోయిన శనివారం చెమటతో తడిసిపోయి, నన్నే నువ్వెవరని అడిగితివి.”

“బెల్లం ముక్క నోట్లో పెడితివి, లేచి కూర్చుంటిని గదా. ఈ రాత్రికీ అదే పెట్టు.”

“బెల్లం నువ్వు పడిపోయినప్పుడు లేపేదానికే. అది ఎక్కినంత తొందరగా దిగిపోతది. పండుకునే ముందు నిదానంగా అరిగేది తినాలని డాక్టరు చెప్పినాడు. అందుకే సజ్జరొట్టె కాల్చినా. వేయించిన శనక్కాయలు, మజ్జిగ కూడా పెట్టినా. కూర్చో.”

“మరి మొక్కు? నిన్ను పాము కరిచిన నాడు మొక్కినానయ్యా, బతికున్నన్నాళ్లూ శనివారం ఒక్కపొద్దు తప్పనని.”

“తప్పొద్దు. పొద్దున్నే గుడికి పోయి స్వామికి చెప్పొచ్చినా, ఈ వారం నుంచి ఆ ఒక్కపొద్దు నాదని.”

“నువ్వా! కూడు కాస్త ఆలస్యమైతే గిన్నెలు ఎగరేసే మనిషివి!”

“ఇప్పుడూ ఎగరేయాలనే ఉంది. బిరీన తినవే తల్లీ, ఆ రొట్టె వాసనకు ఇక్కడ నా ప్రాణం పోతాంది.”