అత్తగారి ఇన్సులిన్, హిమాలయాల మంచు

"సింగపూరా? ఓస్, అదెంతమ్మా పద్మజా! మన బాపట్ల నుంచి కర్లపాలెం వెళ్ళొచ్చినట్టే," అన్నాడు భావనారాయణ, వరండాలో పడక్కుర్చీలో వెనక్కి వాలి.

ఎదురింటి పద్మజ బుధవారం సింగపూర్ టూరుకి బయల్దేరుతోంది. ఆమెకి రెండు పూటలా ఇన్సులిన్ పడాల్సిందే. వీధిలో విదేశం చూసొచ్చింది ఈయనొక్కడే కదా అని, మందు ఎలా పట్టుకెళ్ళాలో అడగడానికి వచ్చింది. పక్కింటి కళ్యాణ్ టీ తాగుతూ కూర్చున్నాడు. ఓ మూల భావనారాయణ అత్తగారు ఈశ్వరమ్మ చేటలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

"మూడేళ్ళ కిందట మా అత్తగారిని తీసుకెళ్ళానా! ఆవిడకి షుగరు, పైగా మోకాళ్ళు సహకరించవు. చక్రాల కుర్చీ కావాలని విమానం వాళ్ళకి ముందే ఫోన్ చేసి చెప్పా. చెప్పడమంటే అలా ఇలా కాదు, గట్టిగా చెప్పా. తీరా వెళ్ళేసరికి ఒకటి కాదు, పదకొండు కుర్చీలు! ఏది నచ్చితే అది ఎక్కండమ్మా అని పదకొండు మంది వరసలో నిలబడ్డారు."

"పదకొండా బాబాయ్?" అన్నాడు కళ్యాణ్.

"పన్నెండోది రిపేరులో ఉందిట. సరే, మందు సంగతి విను పద్మజా. ఓ స్టీలు డబ్బా తీసుకుని, ఇన్సులిన్ సీసాల్ని ఐసుగడ్డల మధ్య కప్పెట్టేశా. విమానం పైకి లేచింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏసీ ఆగిపోయింది! లోపల రోహిణీ కార్తె. ఐసంతా నీళ్ళైపోతోంది. నేను తిన్నగా డ్రైవర్ దగ్గరికెళ్ళి, 'బాబూ, కాస్త హిమాలయాల మీదుగా పోనీ' అన్నా."

"సింగపూర్‌కి హిమాలయాలు దారిలో తగుల్తాయా?" అన్నాడు కళ్యాణ్.

"తగలవు. అందుకే కదా పోనీమంది! పొన్నూరు రోడ్డు బాగోకపోతే బస్సు చుట్టు తిరిగి రాదూ? ఇదీ అంతే. కొండ రాగానే అద్దం దించి..."

"విమానం అద్దం దిగుద్దా?"

"మనం దించితే దిగుద్దిరా, అందరికీ దిగదు. చెయ్యి బయట పెట్టి, శిఖరం మీద మంచు గుప్పెడు, గుప్పెడేంటి, బస్తాడు గీరేశా! విమానంలో షుగరున్నవాళ్ళు నలభై మంది. అందరి మందులకీ తలో దోసెడు పంచా. మిగిలింది ఇంజిన్ మీద చల్లితే ఏసీ తన్నుకుంటూ వచ్చింది. దిగేసరికి అక్కడి పెద్ద డాక్టరు నా చెయ్యి పట్టుకుని, 'ఈ చెయ్యి మాకు వదిలేసి వెళ్ళండి సార్, మ్యూజియంలో పెట్టుకుంటాం' అన్నాడు. మా ఆవిడ ఒప్పుకోదండి అని వచ్చేశా."

కళ్యాణ్ నవ్వాపుకోలేక టీ ఒలకబోసుకున్నాడు. పద్మజ మాత్రం నవ్వలేదు, కాగితం మీద రాసుకుంటోంది.

"మిగతావి ఎలా ఉన్నా, ఐసుగడ్డల మధ్య కప్పెట్టాలి, అంతే కదా బాబాయ్? నేనూ అలాగే చేస్తా."

ఈశ్వరమ్మ చేట పక్కన పెట్టింది.

"అల్లుడుగారూ, మీ పరువు కోసం మూడేళ్ళు నోరు మూసుకున్నా. ఇంక నావల్ల కాదు, ఇది ఆ పిల్ల ప్రాణం." పద్మజ వైపు తిరిగింది. "అమ్మాయ్, ఆ కాగితం చించెయ్. ఆ మంచు హిమాలయాలది కాదు, పొన్నూరు సోడాబండిది. విమానం ఎక్కడానికి వెళ్తూ దారిలో కారాపి కొని డబ్బా నిండా కుక్కారు. తెనాలిలో సూది వేసుకుందామని తీస్తే మందు గడ్డకట్టింది. అలా కట్టిన మందు ఇంక పనికిరాదుట. షాపులో కొందామంటే డాక్టరు చీటీ అడిగారు. చీటీ ఇంట్లో ఫ్రిజ్ మీద, ఇంటికి తాళం, ఆదివారం కాబట్టి డాక్టరుగారు ఫోనెత్తరు. ఈలోగా నాకు కళ్ళు తిరిగాయి, విమానం వెళ్ళిపోయింది. ఊళ్ళో నవ్వుతారని పది రోజులు రేపల్లెలో మా చెల్లెలింట్లో కూర్చున్నాం."

"మరి సింగపూర్ చాక్లెట్లని వీధంతా పంచారు?" అన్నాడు కళ్యాణ్.

"రేపల్లె బస్టాండువి."

భావనారాయణ లేచి లోపలికెళ్ళి, ఓ చిన్న నీలం సంచీ తెచ్చి పద్మజ చేతిలో పెట్టాడు.

"దీన్ని నీళ్ళలో తడిపి మందు లోపల పెడితే చాలమ్మా, చల్లగా ఉంటుంది, ఐసు అక్కర్లేదు. పెద్ద పెట్టెలో పడెయ్యకు, విమానం కింద సామాన్లలో కూడా మందు గడ్డకట్టుద్దిట. చేతిసంచిలోనే ఉంచుకో. డాక్టరుగారి చేత ఇంగ్లీషులో ఉత్తరం రాయించుకో." ఓసారి అత్తగారి వైపు చూశాడు. "ఆవిణ్ణి మళ్ళీ తీసుకెళ్దామని కొన్నా. ధైర్యం చాల్లేదు. ఆ రోజు తెనాలిలో ఆవిడ తూలిపోతే పట్టుకున్నా చూడు... హిమాలయాల గురించి ఎంతైనా చెప్తాను గానీ, అది మాత్రం ఎవరికీ చెప్పలేకపోయా."

ఈశ్వరమ్మ మళ్ళీ చేట ముందుకి లాక్కుంది.

"తీసుకెళ్ళు తల్లీ. మా ఇంట్లోంచి ఆ సంచీ అయినా సింగపూర్ చూసొస్తుంది."